మొదటి ఆడపిల్ల పేరు

నూకమ్మ.

పోయినవారం కథ ఆ పేరు దగ్గర ఆపాను. పిస్కాటవేలో పాత రిజిస్టర్ల ఫిల్ములు చూసే చర్చి వాళ్ళ గది, శనివారం మధ్యాహ్నం. తెర మీద దక్షిణాఫ్రికాలో నటాల్ అనే చోట ఒక చిన్న ఊరి బాప్తిస్మాల రిజిస్టరు. 1880, మార్చి. తండ్రి క్రిస్టోఫెల్ వెంటర్, రైతు. తల్లి మరియా. బిడ్డ ఆడపిల్ల. ఆ బిడ్డ పేరు చదివి, యంత్రం దీపం కూడా ఆపకుండా కోటు తొడుక్కుని బయటికి వచ్చేశాను. పావుగంట మంచులో నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆ పేజీకి ఫోటోకాపీ తీసుకున్నాను.

మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు మాటలు.

హెస్టర్ నర్సు. దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళలో ఆఫ్రికానర్లని డచ్చి మూలం వాళ్ళున్నారు, ఆ జాతి మనిషి. ఇరవై ఏళ్ళ కిందట న్యూజెర్సీ వచ్చి ఉండిపోయింది. నా భార్య భానుమతి ల్యాబ్‌లో పనిచేసిన ఆసుపత్రిలోనే ఆమె వార్డులో పని. భానుమతి చివరి రోజుల్లో మంచం పక్కన ఉన్నది ఆమే. అప్పుడు భానుమతి ఆమెకు మాట ఇచ్చింది. "మా ఆయన పాత కాగితాల మనిషి. మీ ముత్తవ్వ ఎవరో వెతికి పెడతాడు" అని. మాట ఇచ్చి ఆమె పోయింది. పని నాకు మిగిలింది.

రెండున్నరేళ్ళు పట్టించుకోలేదు. మొన్న నవంబరులో హెస్టర్ వచ్చి తలుపు కొట్టింది. ప్రిటోరియాలో ఆమె తమ్ముడి కూతురు అనెలీ ఉంది. ఇరవై నాలుగేళ్ళు. తెల్లపిల్లల బడిలో పంతులమ్మ. ఆ అమ్మాయి తెల్లది కాదని ఎవరో సర్కారుకు ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆ దేశంలో మనిషిది ఏ జాతో సర్కారే చీటీ రాసి ఇస్తుంది. చీటీ మారితే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, ఎవరిని పెళ్ళాడాలో ఎవరిని పెళ్ళాడకూడదో కూడా మారుతుంది. ఈ 1984 ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన విచారణ.

వంశంలో పుట్టుక తెలియని మనిషి ఒక్కతే, హెస్టర్ ముత్తవ్వ మరియా. ఆమె తెల్లదని చూపించాలి. దానికి ప్రిటోరియా వకీలు ఒక దారి పట్టుకున్నాడు. ఆఫ్రికానర్లకు ఒక ఆచారం ఉంది. మొదటి ఆడపిల్లకు తల్లి తల్లి పేరు, రెండో ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు. తప్పరు. మరియా పెద్దకూతురు సారా అని ఇంట్లో అందరూ చెప్పుకునే మాట. అలాగైతే మరియా తల్లి కూడా సారాయే. ఆ రోజుల్లో యుద్ధంలో పోయిన ఒక తెల్ల కుటుంబంలో సారా అనే తల్లి ఉంది, ఆమె కూతురొకతె అనాథ అయింది. ఇంకేం, మరియా ఆ అనాథే అన్నది వకీలు వాదన. దానికి అతనికి కావలసింది ఒక్క కాగితం. సారాకు ముందు ఆడపిల్ల పుట్టలేదని, రిజిస్టర్లన్నీ వెతికిన మనిషి సంతకం పెట్టిన వాంగ్మూలం.

వెతికిన మనిషిని నేను. సారాకు ముందు ఆడపిల్ల పుట్టింది. అయిదు నెలలు బతికింది.

మాది అనకాపల్లి తాలూకా. నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకోని ఇల్లు మా వైపు ఉండదు. నాలుగు తాలూకాలు దాటితే ఆ పేరు వినపడదు. మా జిల్లాల నుంచి జనాన్ని మద్రాసులో ఓడ ఎక్కించి నటాల్ చెరకు తోటలకు కూలీలుగా పట్టుకుపోయిన కాలం అది. మరియా పెళ్ళికి వారం ముందు, పద్దెనిమిదేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకున్నట్టు అదే రిజిస్టరులో ఉంది. తల్లిదండ్రుల గడి ఖాళీ. ఆఫ్రికానర్ పిల్లకు పుట్టిన నెలలోనే బాప్తిస్మం అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళకు చేయించుకున్నదంటే బయటి నుంచి వచ్చిన పిల్ల.

ఆ క్రిస్టోఫెల్‌ను తలుచుకుంటే నవ్వు వచ్చింది. కూలీ పిల్లను పెళ్ళాడి, ఆమె పేరు మార్చి, మతం మార్చి, అన్నీ కప్పిపెట్టాడు. ఆచారం మాత్రం తప్పలేకపోయాడు. మొదటి ఆడపిల్లకు అత్తగారి పేరు పెట్టాలి కాబట్టి పెట్టాడు. చర్చిలో చెప్పి రాయించాడు.

*

మర్నాడు ఆదివారం. నేనుండే పార్సిప్పనీలో పొద్దుటి నుంచి మంచు పడుతోంది. ఒంటిగంటకు హెస్టర్ వస్తానంది. ఆమెకు తెలిసినావిడ ఒకతె ఆ సాయంత్రం కెనెడీ ఎయిర్‌పోర్టు నుంచి జొహానెస్‌బర్గ్ వెళుతోంది. వాంగ్మూలం ఆమె చేతికి ఇవ్వాలి. పోస్టులో వేస్తే విచారణ నాటికి చేరదు.

మా అమ్మాయి ఉష అప్పటికే ఉంది. పిస్కాటవేలో ఎం.ఎస్. చదువుతోంది. రెండు వారాలకోసారి మాసిన బట్టల మూట పట్టుకుని వస్తుంది. నన్ను చూడ్డానికి అంటుంది. మెషీన్ కోసం అని నాకు తెలుసు.

"నాన్నా, ఆంటీ వస్తే కాఫీ నేను పెడతా. నువ్వు పెట్టకు. లాస్ట్ టైమ్ ఆవిడ మొక్కలో పోసేసింది, నేను చూశా."

"అందుకే ఆ మొక్క బతికింది."

"అది ప్లాస్టిక్ మొక్క నాన్నా."

గంట మోగింది. హెస్టర్ బూట్ల మంచు విదిలిస్తూ వచ్చింది. యాభై ఏడేళ్ళ మనిషి, పొడుగు, భుజాలు వంగిపోయాయి. రాత్రి డ్యూటీ చేసి నిద్రపోకుండా వచ్చినట్టుంది. కళ్ళ కింద నలుపు.

"మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు మెట్ల మీద ఉప్పు చల్లరా, మిస్టర్ రావ్?" అంది. ఆమెతో మా మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"అద్దె పెంచే నెలలో చల్లుతారు."

ఆమె కూచుంది. సంచిలోంచి ఒక అట్ట ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఫోటోకాపీ తీసి ఆమె ముందుకు జరిపాను. డచ్చి అక్షరం నాకంటే ఆమెకు బాగా వచ్చు.

ఆమె వేలు పెట్టి వరస వెంట చదివింది. తండ్రి పేరు దగ్గర తల ఊపింది. తల్లి పేరు దగ్గర ఊపింది. బిడ్డ పేరు దగ్గర వేలు ఆగింది.

"ఇది ఏం పేరు?"

"మా వైపు పేరు. అనకాపల్లి పేరు. మా ఊళ్ళో వీధికొక నూకమ్మ ఉంటుంది."

వంటింటి గుమ్మంలోంచి ఉష తొంగి చూసింది. చేతిలో పాలగిన్నె.

"వెయిట్, వెయిట్. ఆంటీ వాళ్ళ గ్రేట్ గ్రాండ్‌మదర్ తెలుగా? ఓ మై గాడ్. ఆంటీ! అయితే మీరు మాకు చుట్టం! నాన్నా, ఏ వరస అవుతుంది?"

"లోపలికి వెళ్ళు. పాలు పొంగుతాయి."

"పాలు గిన్నెలోనే ఉన్నాయి, గిన్నె చేతిలో ఉంది" అంది కాని, హెస్టర్ ముఖం చూసి నవ్వు ఆపేసింది.

హెస్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మా ఇంట్లో పెద్ద బైబిల్ ఉండేది" అంది. "మొదటి పేజీలో పుట్టినవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి ఉంటాయి. క్రిస్టోఫెల్, మరియా పేర్ల కింద ఒక దేవదూత బొమ్మ అతికించి ఉండేది. కాగితం బొమ్మ. దాని కింద సారా. ఎనిమిదేళ్ళప్పుడు నేను ఆ బొమ్మ అంచు గోటితో గీకాను. మా అమ్మ చేతి మీద కొట్టింది. మా అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే."

"అయితే మీకు ముందే తెలుసు."

"ఏదో ఉందని తెలుసు. ఏముందో తెలియదు. తెలుసుకోవాలని భానుమతిని అడిగాను. అది అప్పటి మాట. ఇప్పుడు నాకు తెలుసుకోవలసిన పని లేదు."

అట్ట తెరిచింది. లోపల టైపు చేసిన కాగితం ఒకటే. ప్రిటోరియా వకీలు పంపినది. నా పేరు, నా ఉద్యోగం, ఏ ఏ రిజిస్టర్లు చూశానో అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం: ఈ దంపతులకు సారాకు ముందు ఆడసంతానం కలిగినట్టు ఎక్కడా కనపడలేదు. కింద నా సంతకానికి ఒక గీత, సాక్షి సంతకానికి ఒక గీత.

"పెట్టండి" అంది.

"పెట్టను."

"మిస్టర్ రావ్."

"ఇక్కడ కౌంటీ రికార్డుల గదిలో చేరకముందు అనకాపల్లి రిజిస్ట్రారు ఆఫీసులో పంతొమ్మిదేళ్ళు చేశాను. ఎవరి పొలం మీద ఏ తనఖా ఉందో పుస్తకాలు వెతికి రాసి ఇవ్వడం నా పని. ఏమీ దొరక్కపోతే 'లేదు' అని రాసి సంతకం పెడతాం. ఆ 'లేదు' చూసి మనుషులు పొలాలు కొంటారు. ఉన్నదాన్ని లేదని నేను ఒక్కసారి రాయలేదు. రాయమన్నవాళ్ళు చాలామంది వచ్చారు. తాసిల్దారు బావమరిది వచ్చాడు. రాయలేదు. నన్ను ఏజెన్సీకి బదిలీ చేశారు. వెళ్ళాను."

"ఇది పొలం కాదు."

"కాగితం కాగితమే."

"ఆ పిల్ల చచ్చి వందేళ్ళయింది."

"నూట మూడు దాటింది."

హెస్టర్ నన్ను చూసింది. అసహ్యంగా చూసిందని రాస్తే సరిపోదు. అలసిపోయి చూసింది.

"అయిదు నెలలు బతికిన పిల్ల కోసం ఇరవై నాలుగేళ్ళ పిల్లను చంపుతారా?"

"చంపేది నేను కాదు. మీ దేశం."

"నా దేశం ఎటువంటిదో నాకు మీరు చెప్పాలా? అందుకే కదా వదిలి వచ్చాను. అనెలీ రాలేదు. దాని బడి అక్కడ ఉంది. దాని క్లాసులో ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ఈ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి అది స్టాఫ్ రూములోకి వస్తే మిగతావాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారట. విచారణలో దాని జుట్టు పట్టుకుని చూస్తారు మిస్టర్ రావ్. గోళ్ళు చూస్తారు. నా తమ్ముడి కూతుర్ని సంతలో గొడ్డును చూసినట్టు చూస్తారు. ఈ ఒక్క కాగితం ఉంటే అదేమీ అక్కర్లేదు."

"మీ వాళ్ళు బొమ్మ అతికించారు. ఇప్పుడు నన్ను జిగురు పూయమంటున్నారు."

ఉష కాఫీ కప్పులు తెచ్చి పెట్టింది. పెట్టి వెళ్ళలేదు. "నాన్నా" అంది తెలుగులో, "నువ్వు జడ్జివా? సైన్ చేస్తే నీ చెయ్యి ఊడిపోతుందా? అక్కడ ఒక అమ్మాయి లైఫ్..."

"నీకు సంబంధం లేదు."

"నాకు ఎప్పుడు సంబంధం ఉంది కనక?"

హెస్టర్‌కు మా మాటలు అర్థం కాకపోయినా గొంతులు అర్థమయ్యాయి. కాఫీ ముట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా, వార్డులో రోగి బంధువుతో మాట్లాడినట్టు అడిగింది.

"మిస్టర్ రావ్, భానుమతి చివరి పదకొండు రోజులు మీరు ఎక్కడ ఉన్నారు?"



"నాన్న అక్కడే ఉన్నాడు ఆంటీ" అంది ఉష. "రోజూ. నాకు ఫైనల్స్ అని నన్ను రావద్దన్నాడు. ఎవ్రీ నైట్ ఫోన్ చేసి చెప్పేవాడు."

"ఉన్నారు" అంది హెస్టర్. "పార్కింగ్ లాట్‌లో. నీలం డాట్సన్ కారులో. అయిదున్నరకు వచ్చేవారు, ఎనిమిదికి వెళ్ళేవారు. మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే కనపడేది. కిటికీ అద్దం దించి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూచునేవారు. ఒక్కరోజు కూడా పైకి రాలేదు."

ఉష కుర్చీ లాక్కుని కూచుంది.

"భానుమతి కళ్ళు తెరిచినప్పుడల్లా అడిగేది, వచ్చారా అని. వచ్చారు, మీరు నిద్రపోతున్నారు, లేపవద్దన్నారు అని చెప్పేదాన్ని. అయిదో రోజు నమ్మలేదు. వెయిటింగ్ రూములోంచి ఒక న్యూస్‌పేపర్ తెచ్చి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాను. ఇదిగో, మీ ఆయన మరిచిపోయి వెళ్ళారు అన్నాను. ఆ పేపరు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. ఆ తర్వాత రోజూ ఒక పేపరు పెట్టాను. నేనూ రాసే మనిషినే మిస్టర్ రావ్. చార్టులో తప్పు రాస్తే నా లైసెన్సు పోతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్క తప్పుడు అంకె రాయలేదు. కాని మీ కోసం పదకొండు రోజులు రోజుకో అబద్ధం ఆడాను. మీరు నన్ను అడగలేదు కూడా."

ఎందుకు పైకి వెళ్ళలేదో నేను ఆమెకు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. భానుమతి రొమ్ములో గడ్డ ఎనిమిది నెలలు నా దగ్గర దాచింది. ల్యాబ్‌లో వాళ్ళకు తెలుసు. మద్రాసులో వాళ్ళ అన్నకు తెలుసు. నాకు తెలియదు. తెలిసేసరికి కత్తి పెట్టే దశ దాటిపోయింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు కోప్పడతారని" అంది. ఆ మాటను నేను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. రోజూ బయల్దేరేవాణ్ణి. ఆసుపత్రి దాకా వెళ్ళేవాణ్ణి. కారు దిగితే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అంతే. ఇది సంజాయిషీ కాదు.

"నాన్నా, నిజమా?" అంది ఉష.

"నిజం."

"అమ్మ ఇవాళ ఇడ్లీ అడిగింది అన్నావు. అమ్మ నవ్వింది అన్నావు. నర్సు జడ వేసింది అన్నావు. అవన్నీ?"

"కల్పించాను."

"అన్నీనా?"

"అన్నీ."

"నేను హాస్టల్‌లో అందరికీ చెప్పాను. అమ్మ జడ వేయించుకుంది, షి ఈజ్ గెటింగ్ బెటర్ అని." లేచి నిలబడింది. "ఎగ్జామ్ అయ్యాక వస్తే చాలన్నావు. నేను వచ్చేసరికి..."

"చాలు" అంది హెస్టర్.

తెలుగులోనే అంది. ఆమెకు మూడు తెలుగు మాటలు వచ్చు. నీళ్ళు, నొప్పి, చాలు. మంచం పక్కన నేర్చుకుంది. డచ్చి అలవాటైన నోట్లో ఆ మాట కాస్త వంకరగా వచ్చింది. వాళ్ళ ముత్తవ్వకు తల్లి నేర్పిన మొదటి మాటల్లో అదీ ఒకటై ఉంటుంది. నాలుగు తరాలు ఎవరి నోటా పలకని మాట తిరిగి ఈమె నోటికి వచ్చింది. నా భార్య చావుతో వచ్చింది.

నేను కాగితం దగ్గరికి లాక్కున్నాను.

అబద్ధం చెప్పని మనిషినని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. కాదు. నోటితో చెప్పాను. కాగితం మీద చెప్పలేదు, అంతే తేడా. ఆ తేడా పట్టుకుని ఇన్నేళ్ళు తల ఎత్తుకు తిరిగాను. పదకొండు అబద్ధాలు ఆడిన మనిషి ఎదురుగా కూచుని ఒక్కటి అడుగుతోంది. నాకు జాలి కలిగి కాదు. ఆమె ముఖం ఇంక చూడలేక సంతకం పెట్టాను. పి. వాసుదేవరావు. రిజిస్ట్రారు ఆఫీసులో పెట్టినట్టే, కింద తేదీతో.

"సాక్షి కావాలి" అంది హెస్టర్.

ఉష నా చేతిలోంచి పెన్ను తీసుకోలేదు. తన బ్యాగులోంచి తన పెన్ను తీసుకుంది. సంతకం పెట్టింది. నన్ను చూడలేదు.

"ఆంటీ, నేనూ మీతో ఎయిర్‌పోర్టుకి వస్తా. మంచులో ఒక్కరే డ్రైవ్ చేయొద్దు. మీరు నిద్ర కూడా పోలేదు."

"నీ బట్టలు డ్రయర్‌లో ఉన్నాయి" అన్నాను.

"ఉండనీ."

హెస్టర్ వాంగ్మూలం కవరులో పెట్టి అతికించింది. తలుపు దగ్గర ఆగి, బల్ల మీద ఫోటోకాపీ వైపు చూసింది.

"అది చింపేయండి" అంది. తర్వాత, "థాంక్యూ" అంది. వాళ్ళిద్దరూ మెట్లు దిగుతుంటే ఉష ఆమె మోచెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి చూశాను. భానుమతికి అలా పట్టుకోవలసిన వేళ ఉష అక్కడ లేదు. లేకుండా చేసింది నేను.

కారు వెళ్ళిపోయింది. మూడు కావడానికి పది నిమిషాలు.

*

ఫోటోకాపీ చింపలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. చల్లారిన కాఫీలు రెండూ నేనే తాగాను. పారబొయ్యడం నాకు చేతకాదు.

మూడుంబావుకు ఫోన్ మోగింది. ఉష దారిలో ఎక్కడో ఆగి చేసిందేమో అనుకున్నాను. గరగర శబ్దం. దూరదేశం ఫోన్లకు ఉండే జాగా, మాటకూ మాటకూ మధ్య.

"మిస్టర్ రావ్?" ఆడపిల్ల గొంతు. హెస్టర్ యాసే, ముప్ఫై ఏళ్ళు తక్కువ. "నా పేరు అనెలీ. హెస్టర్ అత్త మేనకోడల్ని. ఆమె అక్కడ ఉందా?"

"ఇప్పుడే వెళ్ళింది."

"మంచిది. నేను ఫోన్ చేసినట్టు ఆమెకు చెప్పకండి. మూడు నిమిషాలే మాట్లాడగలను, ఇది మా ఇంటి ఫోన్ కాదు. మీరు రిజిస్టర్ చూశారు కదా. మరియాకు సారా కంటే ముందు ఆడపిల్ల ఉందా?"

ఇరవై నాలుగేళ్ళ పిల్లను చంపుతారా అని హెస్టర్ అన్నది చెవిలో ఉంది.

"ఎందుకు అడుగుతున్నావమ్మా?"

"ఉండాలి. ఉండి తీరాలి. మా అవ్వ యొహానా చనిపోయే ముందు నాకు చెప్పింది, బైబిల్లో దేవదూత బొమ్మ కింద ఒక పేరుందని. మన పేరు కాదు అంది. ఏం పేరో చెప్పలేదు. నాన్న ఆ బైబిల్ కాల్చేశాడు. ఇంక ఆ పేరు మీ ఫిల్ములోనే ఉంది."

"నీకు ఆ పేరుతో ఏం పని? అది లేకపోతేనే కదా నీకు మేలు?"

అవతల ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం వినపడింది. వెనక ఎవరో మగమనిషి ఏదో అన్నాడు. "ఒక్క నిమిషం, మోహన్" అంది ఆ పిల్ల.

"మిస్టర్ రావ్, ఆ ఉత్తరం ఎవరు రాశారో అత్త మీకు చెప్పిందా?"

"ఎవరో తెలియదు. ఆకాశరామన్న."

"నేనే రాశాను."

పక్కన కుర్చీ ఉన్నా నేను నిలబడే ఉన్నాను.

"ఎడమ చేత్తో రాశాను. మోహన్ ఇండియన్. వాళ్ళ ముత్తాత చెరకు తోటకు వచ్చినవాడు. నేను తెల్లదానిగా ఉన్నంత కాలం మేము పెళ్ళి చేసుకోవడానికి లేదు. కలిసి ఉంటే జైలు. నా చీటీ మారితే చేసుకోవచ్చు. నేనే వెళ్ళి మార్చమని అడిగితే నాన్న రానివ్వడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు. సర్కారే తవ్వడం మొదలుపెడితే నాన్న కూడా ఆపలేడు. అందుకని రాశాను. ఉద్యోగం పోతుంది, తెలుసు. అమ్మ మొహం చూడదు, తెలుసు. అన్నీ చూసుకునే రాశాను."

"హెస్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నన్ను కాపాడటం మొదలుపెడుతుంది" అంది. కొంచెం నవ్వింది. "మీ సంగతి అత్త ఉత్తరంలో రాసింది. చావనైనా చస్తాడు గాని తప్పుడు నకలు ఇవ్వడు, మొండిమనిషి, ఈ మనిషితో నాకు ప్రాణం మీదికి వచ్చింది అని. ఆ ఉత్తరం నేను పదిసార్లు చదువుకున్నాను. ఒకే ఒక్క మనిషి అబద్ధం రాయకపోతే చాలు, నేను బయటపడతాను అనుకున్నాను. ఆమె పేరు ఏమిటి, మిస్టర్ రావ్?"

జేబులో కాగితం చూడకుండానే చెప్పాను.

"నూకమ్మ."

ఆ పిల్ల ఆ పేరు పలికింది. మెల్లగా, మూడుసార్లు. పక్కనున్నవాడికి చెప్పింది. అతను ఏదో అడిగాడు. ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. పెళ్ళి ముహూర్తం కుదిరినవాళ్ళు నవ్వే నవ్వు.

"ఒకటే మాట" అంది. "మీరు పంపే కాగితంలో ఆ పేరు రాశారు కదా?"

కిటికీలోంచి కింద పార్కింగ్ కనపడుతోంది. హెస్టర్ కారు నిలిపిన చోట నల్లటి తారు, కారు కొలతకు, నలుపలకగా మిగిలి ఉండాలి. మంచు దాన్ని అప్పుడే సగం కప్పేసింది. పక్కన నా డాట్సన్. ఎయిర్‌పోర్టు గంటన్నర దూరం. వాళ్ళు బయల్దేరి ఇరవై అయిదు నిమిషాలు.

"హలో? మిస్టర్ రావ్? రాశారు కదా?"